చినిగిన వస్త్రము – చేతి కాగితము – అచ్చుయంత్రము

(ఓరుగల్లున జరిగిన పద్మశాలి కులసంఘ వార్షికసభలో చదువబడిన యుపన్యాసము)



నేతను గుఱించి మాటలాడవలసిన యీ వేదికపై కాగితమును గుఱించియు, అందును సముద్రముల కావల అమెరికా దేశమున నొక కుటుంబము నడపిన కాగితపు మిల్లును గుఱించియు మేము ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని మగ్గమునుండి దిగిన బట్టయొక్క చరిత్రము దానిని ధరించినవాని భుజముపై ముగియదు. మాసి, చినిగి, పీలికయై పాఱవేయబడిన పిమ్మట గూడ దానికొక పునర్జన్మము గలదు. ఐరోపా అమెరికా ఖండములలో పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము వఱకు అచ్చుపడిన గ్రంథములు, పత్రికలు, శాసనములు దాదాపుగా నన్నియు ప్రాతగుడ్డలతో జేసిన కాగితముపైననే అచ్చుపడినవి. కొయ్యగుజ్జుతో కాగితము చేయుట వాడుకలోనికి వచ్చినది ఆ తరువాతనే. పుస్తకమునకు తల్లి కాగితము. ఆ కాగితమునకు తల్లి వస్త్రము. ఈ వంశావళిలో మొదటి పేరు నేతగానిది. తామరతూండ్ల దారముతో దేవతలకు వస్త్రములు నేసిన భావనాఋషి సంతతివారమని చెప్పుకొను మనకు ఈ సంగతి తెలియకుండుట తగదు.

1683వ సంవత్సరమున జర్మనీ దేశమందలి క్రేఫెల్డు పట్టణమునుండి పదుమూడు కుటుంబములు ఓడ నెక్కి అమెరికాకు వలసపోయినవి. అవి పెన్సిల్వేనియా సీమలో ఫిలడెల్ఫియా నగరమునకు చేరువను ఒక గ్రామమును కట్టుకొనినవి. దానికి జర్మన్‌టౌను అని పేరు. ఆ వలస వచ్చినవారిలో పెక్కుమంది అవిసెనారతో నారబట్ట నేయు నేతవారు. ఆ గ్రామమునకు పెద్దయైన పాస్టోరియసు అను పండితుడు ఊరికొక ముద్రను కల్పించెను. దానిలో మూడు ఱేకుల ఆకు; ఒక ఱేకునందు ద్రాక్షతీగ, రెండవదానియందు అవిసెపువ్వు, మూడవదానియందు నేతగాని కండె. రాజుల ముద్రలపై సింహములను, వరాహములను జూచితిమి గాని, కండెను రాజముద్రకు సమానముగా నిలిపిన యూరిని గుఱించి వినుట మన కానందకరము.

ఆ సమయమున ఫిలడెల్ఫియాలో విలియం బ్రాడ్‌ఫర్డు అను యువకుడు ముద్రాపకుడుగా నుండెను. ఇతడు 1685లో ఇంగ్లండునుండి వచ్చి ఆ ప్రాంతమున మొదటి అచ్చుయంత్రమును నెలకొల్పినవాడు. ఇతనికి అక్షరము లుండెను, యంత్ర ముండెను, అచ్చువేయింప గోరువారును ఉండిరి. లేనిది కాగితము. అప్పటి యాంగ్ల వలసరాజ్యములలో కాగితము చేయు మిల్లు ఒక్కటియు లేదు. కాగితమంతయు ఓడలలో సముద్రము దాటి రావలయును. ఓడ ఆలస్యమైనచో అచ్చుయంత్రము మూతపడును. ఓడ వచ్చినను ధర వర్తకుడు చెప్పినదే.

ఇట్టి స్థితిలో 1688 ప్రాంతమున విలియం రిట్టెన్‌హౌసు అను కాగితపు పనివాడు జర్మన్‌టౌనునకు వచ్చి చేరెను. ఇతడు 1644లో జర్మనీలోని మ్యూల్‌హైము ప్రాంతమున జన్మించి, హాలండు దేశమున పనిచేసి, 1679లో ఆంస్టర్‌డాము నగర పౌరుడుగా నమోదైనవాడు. మెన్నొనైటు సంప్రదాయమునకు చెందిన సాత్త్వికుడు. ఆ సమాజమునకు బోధకుడును ఆయెను. ఇతనికి విద్య గలదు, ధనము లేదు. బ్రాడ్‌ఫర్డునకు అవసరము గలదు, విద్య లేదు. ఊరిలోని సంపన్నులగు శామ్యూల్ కార్పెంటరు, రాబర్టు టర్నరు, థామస్ ట్రెస్సు అనువారలకు ధనము గలదు. వీరందఱును కూడి 1690లో భాగస్వాములై మోనోషోను అను చిన్న వాగుయొడ్డున మిల్లు గట్టిరి. నేలనిచ్చినవాడు కార్పెంటరు. అది యిరువది ఎకరములు. పిదప 1706లో దానికి వ్రాయబడిన కౌలుపత్రము గడువు తొమ్మిదివందల డెబ్బదియైదు సంవత్సరములు! మనుమల మనుమలును నిశ్చింతగా పనిచేసుకొనవలయునని తలచినవారే యిట్టి గడువు వ్రాయగలరు.

ఆ మిల్లులో పని యెట్లు జరిగెడిదో క్లుప్తముగా చెప్పెదము. ఊరూర నేరి తెచ్చిన నారగుడ్డల పీలికలను మొదట రంగునుబట్టి, సన్నదనమునుబట్టి వేఱుచేసెడివారు. కుట్లు, గుండీలు తీసి, ముక్కలుగా గోసి, తడిపి నాననిచ్చెడివారు. వాగునీరు త్రిప్పు చక్రముచే లేచి పడు రోకళ్లు ఆ ముక్కలను దంచి దంచి గుజ్జుచేయును. ఆ గుజ్జును నీటితొట్టిలో కలిపి, సన్నని తీగల జల్లెడ బిగించిన చట్రమును అందు ముంచి యెత్తినచో నీరు జాఱిపోయి పోగుల పొర నిలుచును. ఆ పొరను ఉన్నిగుడ్డపై బోర్లించి, దానిమీద మఱియొక ఉన్నిగుడ్డ, దానిమీద మఱియొక పొర. ఇట్లు దొంతి పేర్చి మరలో బిగించి నీరు పిండి, దండెములపై నారవేసి, తోళ్లనుండి తీసిన వజ్రములో ముంచి మఱల నారవేసెడివారు. ఈ వజ్రము లేనిచో సిరా ప్రాకిపోవును. పడుగునకు గంజి యేల పెట్టవలయునో మనవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కాగితమునకు వజ్రమును అట్టిదే. దారమును విప్పి పోగుచేసి మరల నేయకయే నేసినట్టి వస్త్రమే కాగితము.

పనివాడు చట్రపుజల్లెడకు తీగతో నొక గుర్తు కుట్టినచో, కాగితమును వెలుతురునకు పట్టినపుడు ఆ గుర్తు నీటిచాయగా కనబడును. రిట్టెన్‌హౌసు తన పేరిలోని మొదటి యక్షరములను, తన యూరి ముద్రయందలి మూడు ఱేకుల ఆకును కాగితమున నుంచెను. కుమారుడు క్లాసు పనిలోనికి వచ్చిన పిమ్మట అతని యక్షరములును వచ్చినవి. ఈనాటికిని పండితులు ప్రాతపుస్తకమును వెలుతురునకు పట్టి, ఇది ఈ కుటుంబము చేసిన కాగితమని గుర్తింపగలుగుచున్నారు. 1692లో రిచర్డు ఫ్రేం అనువాడు పెన్సిల్వేనియాను వర్ణించుచు వ్రాసిన పద్యకృతిని బ్రాడ్‌ఫర్డే అచ్చువేసెను. అందు అవిసెచెట్టు నారయగుటయు, నార బట్టయగుటయు, చినిగిన బట్ట కాగితమగుటయు వరుసగా వర్ణింపబడినవి. నేతవాని యూరిలోననే కాగితము పుట్టుట యాకస్మికము కాదని ఆ కవియే గ్రహించెను.

ఇక మేము ముఖ్యముగా మనవి చేయదలచిన విషయము. 1693లో బ్రాడ్‌ఫర్డు, మతవివాదములకు సంబంధించిన కరపత్రములను అచ్చువేసిన కారణమున విచారణకు గుఱియై, ఫిలడెల్ఫియా విడిచి న్యూయార్కునకు వెడలిపోయెను. మిల్లులో నాలుగవ భాగ మతనిది. దూరదేశమునకు బోయిన భాగస్వామితో సంబంధము తెగిపోవుట లోకసామాన్యము. ఇక్కడ నట్లు జరుగలేదు. 1697లో వీరొక పత్రము వ్రాసికొనిరి. బ్రాడ్‌ఫర్డు తన నాలుగవ భాగమును పది సంవత్సరముల కాలమునకు రిట్టెన్‌హౌసు తండ్రికొడుకులకు కౌలుకిచ్చెను. ఆ కౌలు ధనరూపమున గాదు, కాగితరూపమున: ఏటేట అచ్చుకాగితము ఏడు రీములు, మంచి వ్రాతకాగితము రెండు రీములు, నీలికాగితము రెండు రీములు. అంతేకాక, ఆ పది సంవత్సరములును మిల్లులో తయారైన అచ్చుకాగితమంతయు మొదట బ్రాడ్‌ఫర్డునకే చూపవలెను. అతడు రీమునకు పది షిల్లింగుల వంతున కొనవలెను.

ఈ పత్రమందలి వివేకమును గమనింపుడు. చేయువాడు ఎవరి కమ్ముదునని తిరుగనక్కఱలేదు; కొనువాడు ఎచ్చటినుండి తెత్తునని వెదుకనక్కఱలేదు. ధర ముందుగనే తెలియును. కౌలు సరకుగా చెల్లుటచే చేతిలో రొక్కము లేని సంవత్సరమునను మిల్లు అప్పులపాలు కాదు. ఇది దానము కాదు, దయయు కాదు; ఇరువురి యవసరమును ఇరువురిని కట్టివేసిన ఒడంబడిక.

దీనికి పరీక్షయు వెంటనే వచ్చెను. 1701 ప్రాంతమున వఱద వచ్చి మిల్లును, పనిముట్లను, తయారైన కాగితమును కొట్టుకొనిపోయెను. వయసు మీఱిన రిట్టెన్‌హౌసునకు సర్వస్వము పోయెను. ఆ సీమకధిపతియగు విలియం పెన్ను స్వయముగ ప్రజలను సహాయము కోరుచు విజ్ఞప్తి వ్రాసెను. 1702 నాటికి మిల్లు తిరిగి నిలిచెను. పెట్టుబడి పెట్టినవారు క్రమముగా తమ భాగములను వదలుకొనగా, 1706 నాటికి మిల్లంతయు పనివాని కుటుంబముదే యయ్యెను. రెండు సంవత్సరములకు, 1708లో, వృద్ధుడు కన్నుమూసెను. క్లాసు దానిని నడపెను. క్లాసు బావమఱది విలియం డివీసు ఆ పని నేర్చి 1710లో సమీపముననే మఱియొక మిల్లు గట్టెను. అల్లునివారికి, బావమఱదికి విద్య చెప్పినచో మన కూడు పోవునని వారు భయపడలేదు. ఒక మిల్లు రెండయ్యెను, రెండు పదులయ్యెను. బ్రాడ్‌ఫర్డు కుమారుడు ఆండ్రూ 1719లో ఫిలడెల్ఫియాలో వారపత్రికను స్థాపింప, తండ్రి 1725లో న్యూయార్కునందలి మొదటి పత్రికను స్థాపించెను. ఆ కుటుంబముననే 1732లో జన్మించిన డేవిడు రిట్టెన్‌హౌసు గొప్ప ఖగోళజ్ఞుడై, 1792లో అమెరికా దేశపు టంకశాలకు మొదటి యధికారి యయ్యెను. ఆ యింటివారి గృహములు కొన్ని నేటికిని ఫిలడెల్ఫియా ఉద్యానవనమున రక్షింపబడి యున్నవి.

తల్లులు, సోదరీమణులు వినవలసిన మాట యొకటి. ముద్రాపకుడును రాజనీతిజ్ఞుడును నగు బెంజమిను ఫ్రాంక్లిను తన స్వీయచరిత్రలో భార్య డెబోరా తన కంగడిపనిలో చేసిన సాయమును స్మరించుచు, కాగితపు పనివారికొఱకు ఆమె ప్రాతనారగుడ్డలు కొనెడిదని వ్రాసెను. ఆ దేశమున అచ్చుపని పెంపొందుటకు మూలమైన ముడిసరకు ఆ విధముగ స్త్రీల చేతులమీదుగనే నడచినది. కండెలు చుట్టి, ఆసులు పోసి, మగ్గమునకు ప్రాణము పోయు మన యిండ్ల స్త్రీల శ్రమకు లెక్కపుస్తకములలో నొక పంక్తియైన నున్నదా యని విచారింపవలసి యున్నది.

ఇక మన దేశమును జూతము. ఇచ్చటను అచ్చుపనివారు కాగితము కొఱకు తపించిరి. తరంగంబాడిలోని క్రైస్తవ మిషనరీలు పదునెనిమిదవ శతాబ్ది తొలిపాదమున అచ్చుకూటమునకు తోడు కాగితపు మిల్లును గూడ గట్టదలచి మొదలిడిరి గాని, అది నిలువలేదు. వంగదేశమున శ్రీరామపురపు మిషనువారు, 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణమును అచ్చువేసినవారు, తమ కాగితమును తామే చేసికొనిరి. ఆ మిల్లునకు 1820లో ఆవిరియంత్రమును దెప్పించిరి.

మన తెలంగాణమున కాగితపు విద్య లేకపోలేదు. నేటి జగిత్యాల జిల్లాలోని కోరుట్లలోను, నాటి నిజాము రాజ్యమున దౌలతాబాదు చెంతనున్న కాగజీపురములోను కాగజీల కుటుంబములు తరతరములుగా చేతికాగితము చేసినవి. గంజి పూసి, నునుపురాతితో మెఱుగుపెట్టిన ఆ కాగితముపై కలములు సాఫీగా నడచినవి. ఇట్లొకవైపు కాగితము చేయువారుండిరి. మఱియొకవైపు, అప్పటి వరంగల్లు జిల్లాలోనిదై నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న ఇనుగుర్తి గ్రామమున, ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో ‘తెనుగు’ అను వారపత్రికను స్థాపించిరి. తెలుగున చదువుటయే యరుదైన ఆ రాజ్యమున, ఒక పల్లెలో, ఆ యన్నదమ్ములే వార్తలు సేకరించి, వారే వ్రాసి, వారే అక్షరములు కూర్చి, వారే అచ్చువేసి పంపిరి. బ్రాడ్‌ఫర్డు చేసిన సాహసమున కిది యే మాత్రమును తీసిపోదు. కాని వారి పత్రిక కొన్ని సంవత్సరములకే ఆగిపోయెను.

ఓరుగంటి నేతవాని యింట గుడ్డపీలిక యుండెను. కోరుట్ల కాగజీ యింట తొట్టియుండెను. ఇనుగుర్తి బ్రాహ్మణుని యింట అచ్చుయంత్ర ముండెను. ఈ మూడిండ్లను కలిపిన పత్రము మాత్రము లేకపోయెను. ఎవరి విద్య వారిది, ఎవరి కష్టము వారిది, ఎవరి నష్టము వారిది. పాండిత్యమునను, త్యాగమునను మనవారు కొఱవడలేదు, కొఱవడినది ఒడంబడిక.

పిమ్మట పెద్ద మిల్లులు వచ్చినవి. 1938లో స్థాపితమైన సిర్పూరు పేపరు మిల్లు 1942లో అదిలాబాదు అడవుల వెదురుతో కాగితము చేయ మొదలిడెను; కొత్తపేట కాగజునగరమయ్యెను. 2014లో అది మూతపడగా, ఊరంతయు ఉపాధి గోల్పోయి నాలుగు సంవత్సరములు ఎదురుచూచెను. 2018లో మఱియొక సంస్థ చేతికి వచ్చి తిరిగి ప్రారంభమయ్యెను. పూర్వపు వరంగల్లు జిల్లాలోని కమలాపురమున రేయానునూలుకై కొయ్యగుజ్జు చేసిన కర్మాగారమును 2014లోనే నిలిచిపోయెను. 1934లో ఈ నగరమున వెలసిన ఆజంజాహి బట్టలమిల్లు నేడు లేదు. పెద్ద మిల్లులు నిలిచినప్పుడు వేలమందికి అన్నము పెట్టినవి, నిజమే. కాని వాటిలో పనివాడు భాగస్వామి కాడు. తలుపు మూయుదురో తెఱతురో నిర్ణయించునది అతడు గాడు. రిట్టెన్‌హౌసు మిల్లును వఱద కొట్టుకొనిపోయినను కుటుంబము నిలిచెను, ఏలయన దానిలో అతనికి హక్కుండెను.

ఓరుగల్లు తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమున నిలిచి ప్రశంస లందినవి. కొత్తవాడలో నేడును నేయబడుచున్న మన దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది రిట్టెన్‌హౌసు కాగితమందలి మూడు ఱేకుల ఆకువంటిది: ఇది ఇచ్చటి చేతిపని యని చాటు గుర్తు. కాని గుర్తు సరకును పోల్చిపెట్టగలదు గాని కొనజాలదు. నూలుధర పెరిగిన నెలలో మగ్గము ఆగుచున్నది. సరకు పేరుకొనిన నెలలో ఆసామి కూలి తగ్గించుచున్నాడు. చదువుకొనిన కుమారుడు ఈ పని నాకు వలదనుచున్నాడు. అతనిని తప్పుపట్టలేము.

కావున మా మనవి పోషకులకు. ఈ సంచికకు ప్రకటన లిచ్చి, సభకు భోజనము లేర్పఱచి, మీరు చూపిన యౌదార్యమునకు కృతజ్ఞులము. కాని ప్రకటన యొక దినపు మాట. మీలో వస్త్రవ్యాపారులున్నారు, వసతిగృహముల యజమానులున్నారు, పాఠశాలలు నడపువారున్నారు. దరీలు, దుప్పట్లు, తువ్వాళ్లు మీ కేటేట కావలసినవే. ఒక్కొక్కరు పది మగ్గములతోనో, ఒక సహకార సంఘముతోనో, పది సంవత్సరములకు పత్రము వ్రాసికొనుడు. ఎంత సరకు, ఏ నాణ్యము, ఏ ధర యని ముందే నిర్ణయింపుడు. పెట్టుబడిపై మీకు రావలసినది సరకుగా పుచ్చుకొనుడు. అగ్నిప్రమాదమో, వఱదయో సంభవించినపుడు మగ్గము తిరిగి నిలుపుటకు ఒక నిధి నేర్పఱుపుడు.

బజారులో ధర పడిపోయినచో పత్రమునకు కట్టుబడి నష్టపోవుదుము గదా యని కొందఱు వ్యాపారు లడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. యంత్రమగ్గముల పోటీ బ్రాడ్‌ఫర్డు కాలమున లేదనుటయు నిజమే. ఐనను పత్రము ఒకరినే కట్టదు. ధర పెరిగిన సంవత్సరమున నేతగాడు వేఱొకరికి అమ్ముకొనడు. ఓడ రాని సంవత్సరమున బ్రాడ్‌ఫర్డునకు కాగితము దొరకినట్లు, సరకు దొరకని సంవత్సరమున మీకే దొరకును. ధరను మూడేండ్లకొకమాఱు ఇరుపక్షములు కూర్చుండి సరిచూచుకొను నిబంధనను గూడ అందు చేర్చవచ్చును. ఎట్లు వ్రాసినను, వ్రాయుట ముఖ్యము. బంధువులమే గదా, పత్రమేల యనుమాట మనలో ఎన్ని కుటుంబములను విడదీసినదో పెద్దలకు దెలియును.

మఱియొక మాట. బ్రాడ్‌ఫర్డు నాలుగవ భాగము తుదకు పనివాని కుటుంబమునకే చేరెను. పోషకుడు పోషణను ఎప్పటికిని తన చేతియందే యుంచుకొనినచో అది బంధనమగును. పది సంవత్సరముల పత్రము ముగియునాటికి నేతగాడు తన మగ్గమునకు, తన నూలునకు, తన గుర్తునకు తానే యజమాని కావలయును. అట్లైననాడు అతని కుమారుడు మగ్గమును విడిచిపోయినను భయముచే గాక, ఇష్టముచే పోవును. నిలిచినను ఇష్టముచే నిలుచును.

సంఘకార్యవర్గమువారు ఈ సభ ముగియకముందే అట్టి నమూనాపత్రము నొకదానిని న్యాయవాదులచే తెలుగున వ్రాయించి, కోరినవారికి ఇచ్చు నేర్పాటు చేయవలెనని ప్రార్థించుచున్నాము.